రావణుడి మీసం ఆత్మకథ

గార్డెన్ రీచ్ రేవులో ఓడ కూసిందంటే నా బీరువాలోకి వినిపిస్తుంది. మధ్యన అడ్డం హుగ్లీ నది ఒక్కటే. తూర్పు గట్టున ఓడల కర్మాగారం, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం. 2003 దాకా వాల్తేరు డివిజన్ దాని కిందే ఉండేది గనక అక్కడ తెలుగు మాట కొత్తేం కాదు. పడమటి గట్టున శిబ్‌పూర్ వృక్షోద్యానం, 1787లో కిడ్ దొర వేయించింది. అక్కడ ఎండు మొక్కల్ని అట్టలకి కుట్టి దాచే జాతీయ హెర్బేరియంలో లక్షల అట్టల మధ్య నేనొకదాన్ని.

రావణుడి మీసమంటే ఇసుకలో పాకే గడ్డి, అది నేనే. పుట్టిల్లు శ్రీహరికోట, బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకీ నడుమ గోడలా పడుకున్న దీవి. గణుపు గణుపునా వేళ్లు దించి దిబ్బ కదలకుండా పట్టుకోవడం మా వృత్తి. మాలో ఆడమొక్కకి ముళ్ల బంతి కాస్తుంది. ఎండి ఊడిపోతే గాలి దాన్ని తీరం పొడుగునా దొర్లిస్తుంది, దారంతా గింజలు రాలుతాయి.

అలాంటి బంతిని కాగితాల మధ్య పెట్టి చెక్కపలకలతో బిగించారు! సగం ముళ్లు విరిగాయి. మిగిలినవి పాత పేపర్లోంచి పొడుచుకొచ్చి, బిగించినాయన బొటనవేలిని పలకరించాయి. రోజూ చెమ్మ కాగితం తీసి పొడిది వేశారు. పురుగు పట్టకుండా మందు పూసి, అట్టకి దారంతో కుట్టారు. కుడి మూల చీటీ: ఊరు, తేదీ, తెచ్చినవారి పేరు, ‘తీరపు దిబ్బ, విస్తారంగా ఉంది’. ఆ చీటీ ఊడితే నేను వట్టి ఎండుగడ్డిని. దారి చూపిన యానాది పేరు మాత్రం అందులో లేదు, దీవిలో చెట్టూ చేమా ఎరిగింది వాళ్లే అయినా.

1971లో ఆ దీవినుంచి తొలిసారి రోహిణి రాకెట్ ఎగిరింది. రాకెట్ ఎగిరేచోట జనం ఉండకూడదు కాబట్టి బయటివాళ్లకి దారి మూశారు. పాల చెట్లూ పేము పొదలూ చాలావరకు గొడ్డలి తప్పించుకున్నాయి. అడవి మీద ప్రేమతో కాదులెండి.

నా ఫిర్యాదు వేరు. మాలో ఆడా మగా వేర్వేరు మొక్కలు. మగదానికి బంతి ఉండదు, వెన్నుల గుత్తి ఉంటుంది. తెచ్చినవారికి బంతి నచ్చిందేమో, నన్నొక్కదాన్నే కోశారు. జంటలో సగమే అట్టకెక్కితే జాతి నమోదైనట్టెలా? మగదాన్ని తేవాలంటే మళ్లీ సూళ్లూరుపేటలో దిగాలి, రాకెట్ కేంద్రం షార్ గేటు దగ్గర పాసు చూపాలి, ఆ రోజు ప్రయోగం ఉండకూడదు, పైగా మొక్క పూత మీద ఉండాలి.