చిన్న కెమెర పద్యము: సటీకాతాత్పర్యము

మూలము

జూము లేదు నాకు జోడుకాళ్ళే చాలు
సంచిలోన నుండు సర్వవేళ
వెలుగు గురువు నాకు వీధియే గ్రంథమ్ము
చిన్న కెమెర నాది చింత లేదు

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఒకరు కారు. లెన్సు ఊడిరాని, జూము లేని, కోటు జేబులో పట్టీ పట్టనట్టుండే ఖరీదైన కెమెరా కొన్న ప్రతి పెద్దమనిషీ తొలి నెలలోనే ఈ నాలుగు మాటలూ అంటాడు. వాటిని గణాల్లో కూర్చిన పాపం మాత్రమే నాది. ఆ కెమెరాల మీద నాకు కోపం లేదు. అలాంటిదొకటి నా దగ్గరా ఉంది, దాని సుఖమేమిటో తెలుసు. కోపమంతా దాంతోపాటు వచ్చే వేదాంతం మీద. వస్తువు కొంటే రసీదు రావాలి గానీ వైరాగ్యం రావడమేమిటి?

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరంటారు. ఆ ఒట్టులో మొదటి సగం నాకు ఆమోదమే. పద్యంలో ధర ప్రస్తావన లేదు కనుక ధరను వ్యాఖ్యానించను. రెండో సగం నా వల్ల కాదు.

టీక

నాకు, చాలు, లేదు, నాది: స్పష్టము.

జోడుకాళ్ళే చాలు: లెన్సు కదలదు కనుక తానే కదిలి దృశ్యాన్ని దగ్గరకు తెచ్చుకుంటానని కవి ప్రతిజ్ఞ. ఇక్కడ ఒక ఆశంక. పులికాట్ సరస్సుకు చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. సూళ్ళూరుపేట వైపు గట్టు మీద నిలబడి 28 మిల్లీమీటర్ల లెన్సుతో చూస్తే అవి నీటి అంచున తెల్లటి నలుసులు. కాళ్ళే జూమైతే కవి మొలలోతు బురదలోకి దిగాలి. దిగాడే అనుకుందాం. పక్షులకు కూడా ఒక జూము ఉంది, దాని పేరు రెక్కలు. కాబట్టి "చాలు" అన్నది ఎగిరిపోయే శక్తి లేని వస్తువుల విషయంలో మాత్రమే అని గ్రహించాలి.

పోనీ, ఎగరని చార్మినార్‌నే తీసుకుందాం. గుల్జార్ హౌజ్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, వెనక చార్మినార్ వచ్చేలా ఫోటో తీస్తున్నామనుకోండి. నాలుగడుగులు ముందుకు వేస్తే మనిషి ముఖం పెద్దదవుతుంది, మినార్లు మాత్రం దాదాపు అంతే ఉంటాయి. అదే చోట నిలబడి జూము తిప్పితే రెండూ కలిసి పెరుగుతాయి. అంటే నడిచినవాడు దృక్కోణాన్నే మార్చుకున్నాడు, జూము తిప్పినవాడు ఉన్న చూపుకు అంచులు కత్తిరించాడు. ఈ రెండూ ఒకటే అనడం తర్కానికీ నిలవదు, కటకశాస్త్రానికీ నిలవదు. అయినా వెయ్యి నోళ్ళు అంటూనే ఉంటాయి. పైగా గుల్జార్ హౌజ్ దగ్గర వెనక్కి అడుగు వేసేవాడు ముందు ఆటోను చూసుకోవాలి.

ఈ జూము లేని వారిలో మూడు మతాలున్నాయి. 28 వారు (రికో జీఆర్, లైకా క్యూ), 35 వారు (ఫుజీ ఎక్స్100, సోనీ ఆర్ఎక్స్1), 40 పైబడినవారు (రికో జీఆర్ 3ఎక్స్, లైకా క్యూ3 43). మొదటివారికి లోకమంతా కనబడాలి. చివరివారికి ఒక్కటి కనిపిస్తే చాలు. నడిమివారు ఇద్దరితోనూ వాదిస్తారు. ఏది సహజమైన చూపు అన్నదే వీరి నిత్య వివాదం. ఈ వివాదాన్ని బౌధాయనుడు ఎప్పుడో తీర్చాడని నా సిద్ధాంతం.

ఎలాగంటారా? ఫిల్ము చట్రం కర్ణం ఎంతో, లెన్సు నాభ్యంతరం అంత ఉంటే అది సహజమైన చూపని ఛాయాచిత్రకారుల సంప్రదాయం. చట్రం 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. యజ్ఞవేదికలకు తాడుతో కొలతలు పెట్టిన ఆ శుల్బసూత్రకారుడు దీర్ఘచతురస్రపు కర్ణం మీది చతురస్రం, రెండు భుజాల మీది చతురస్రాలు కలిపినంత అన్నాడు. 36ను 36తో హెచ్చిస్తే 1296. 24ను 24తో హెచ్చిస్తే 576. రెండూ కలిపితే 1872. దాని వర్గమూలం 43.27. అంటే 28 మతమూ తప్పే, 35 మతమూ తప్పే, ఇన్నాళ్ళూ పెద్దపీట వేసుకు కూర్చున్న 50 కూడా తప్పే. లైకా వారు 43 మిల్లీమీటర్ల లెన్సుతో ఆ కెమెరాను 2024లో తెచ్చారు. ఇటుకల వేదిక కట్టినవాడికి ఆ లెక్క అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. నాకు ఇక్కడే ఆగాలని లేదు.

ఆ 36, 24 ఎక్కడివి? వెట్జ్లార్‌లో లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే యంత్రనిపుణుడు ఉండేవాడు. ఆయనకు ఉబ్బసం. ఫోటోలంటే ప్రాణం, కానీ గాజుపలకల కెమెరాను, దాని ముక్కాలిపీటను కొండ మీదికి మోసే ఊపిరి లేదు. సినిమా ఫిల్ము తీసుకున్నాడు. దాని చట్రం 18 ఇంటు 24. ఫిల్మును అడ్డంగా నడిపి, చట్రాన్ని రెట్టింపు చేసి 24 ఇంటు 36 చేశాడు. తొలి నమూనా 1914 నాటికే తయారైంది. మధ్యలో యుద్ధం వచ్చింది. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో అది బయటికి వచ్చింది. ఇందులో మన పద్యానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ మొదటి లైకాకు లెన్సు ఊడేది కాదు! మార్చుకునే లెన్సులు 1930లో గానీ రాలేదు. కనుక ఊడని లెన్సుతో తిరగడం కవి చెప్పుకునే సన్యాసమేమీ కాదు, ఈ కులానికి బాల్యావస్థ. బార్నాక్ రొమ్ము పట్టేసి చిన్న కెమెరా చేశాడు. మనవాడు కారులో వెళ్ళి, పార్కు గేటు దగ్గర దిగి, అదే కెమెరాను తపస్సంటున్నాడు.

ప్రకృతానికి వద్దాం. రెండో పాదం ఇంకా ముట్టుకోనే లేదు.

సంచిలోన నుండు: "చేతిలోన నుండు" అని ఎందుకు అనలేదు? గణం చెడదు గానీ యతి చెడుతుంది. యతి కోసమే సంచి వచ్చిందని కొందరు సరిపెడతారు. అది పైపై అర్థం. సంచిలో ఉందంటే చేతిలో లేదని ధ్వని. ధ్వనిని సిద్ధాంతం చేసిన ఆనందవర్ధనుడు బతికి ఉంటే ఉదాహరణగా రాసుకునేవాడు.

సర్వవేళ: అనగా ఆదివారం తెల్లవారింది మొదలు టిఫిను వేళ వరకు. వాన పడుతుంటే కాదు. బోనాల ఊరేగింపులో కాదు, పసుపు పడుతుంది. బస్సులో కాదు. పిల్లల స్కూలు ఫంక్షన్‌లో కాదు, వేదిక దూరం. శేషించిన వేళల్లో బీరువాలో, సిలికా జెల్ పొట్లం పక్కన. నిత్యం వాడుకోవడానికని కొన్న వస్తువును నిత్యమూ దాచుకోవడం ఎందుకో కవి చెప్పడు. మనం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్న ధరలో ఆ రహస్యం ఉంది. ఫుజీ ఎక్స్100 ఐదో అవతారానికి చిట్టి వీడియోల పుణ్యమా అని గిరాకీ పెరిగి, కొన్నాళ్ళు వాడేసిన కెమెరా కొత్తదాని కన్నా ఎక్కువ పలికింది. 2024లో ఆరోది వచ్చినప్పుడు, కంపెనీకి 90 ఏళ్ళు నిండిన సందర్భమని, అది పుట్టిన ఏడాది గుర్తుగా 1934 కెమెరాలను ప్రత్యేకంగా చేశారు. అంతమందికే దొరికేదాన్ని అందరికీ రోజూ పనికొచ్చేదిగా వర్ణించాలంటే కవిత్వం కావలసిందే.

వెలుగు గురువు: తెలుగుదేశపు మే నెల గురువు బెత్తం పట్టుకునే వస్తాడు. లెన్సు ఎఫ్ 2 దగ్గర తెరిచి, ఐఎస్ఓ 160 పెట్టి, నడినెత్తిన ఎండలో తీయాలంటే షట్టరు సెకనులో సుమారు పదివేలవ వంతులో మూసుకోవాలి. ఆ ఐదో అవతారంలోని ఆకుషట్టరు నాలుగువేలవ వంతు దగ్గరే ఆగిపోతుంది. అందుకే లోపలే ఒక నల్ల అద్దం పెట్టారు. మీట నొక్కితే అడ్డం వచ్చి నాలుగు స్టాపుల వెలుగు తాగేస్తుంది, అప్పుడు ఆరువందల నలభయ్యో వంతు సరిపోతుంది. ఇంత చక్కని ఏర్పాటు ఎంతమంది వాడతారు? మా శిష్యపరమాణువులు మబ్బు పట్టేదాకా కెమెరా బయటికే తీయరు. తీసినా, "మెత్తని వెలుగు" అని మరో ఉపన్యాసం.

వీధియే గ్రంథమ్ము: ఈ పదానికి చేరేసరికి నా గాంభీర్యం ఎప్పుడూ చెడుతుంది. గ్రంథమైతే కర్త ఉండాలి, పాఠకుడు ఉండాలి. గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో బంతిపూల రాశి వెనక కూర్చున్న ముసలమ్మ ఈ గ్రంథంలో ఎవరు? ముఖం మీది ముడతలు బాగున్నాయని ఆమెను తీస్తారు. క్లాసిక్ క్రోమ్ అనే రంగుల వరుస పెట్టి, ఆమె బంతిపూల పసుపును ఎండుటాకు రంగు చేస్తారు. "నా ఫోటువ నాకెప్పుడిస్తవ్ బిడ్డా?" అని ఆమె అడిగితే నవ్వి ముందుకు పోతారు. ఆ నవ్వు నేను చాలాసార్లు చూశాను. కెమెరాలో వైఫై ఉంది, జేబులో ఫోను ఉంది, ప్రతి సందులోనూ ఫోటోలు అచ్చువేసే దుకాణం ఉంది. ఒక్క కాగితం ముక్క, మళ్ళీ ఆదివారం తెచ్చి ఇవ్వడానికి అడ్డమేమిటి? వీధిని పుస్తకమని పిలిచేవాడు అందులోని మనుషులను అక్షరాలనుకుంటున్నాడు. అక్షరాలకు ఫోటో ఇవ్వనక్కర్లేదు మరి.

ఆరో నిజాం ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చిన రాజా దీన్ దయాళ్ (1844–1905) దగ్గర చిన్న కెమెరా లేదు. గాజుపలకలు, పెట్టెలు, మోసే మనుషులు. అంత బరువుతో తిరిగినవాడు 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం వేరే జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి మిసెస్ కెనీ-లెవిక్ అనే ఆవిడను పెట్టాడు. ఫోటోలో ఉండేవారి ఇష్టానికి ఒక భవనమే కట్టబెట్టాడన్నమాట. వ్యాపారం కోసమే అనండి, నాకు అభ్యంతరం లేదు. రెండువందల యాభై గ్రాముల కెమెరా ఉన్నవాడు "తీసుకోనా అమ్మా" అన్న రెండు మాటల బరువు మోయలేకపోవడమే నా ఫిర్యాదు.

చిన్న కెమెర: కెమెరా దీర్ఘాంతం. ఛందస్సు కోసం కత్తిరించాను. లక్షన్నర పోయినచోట ఒక దీర్ఘం పోతే కవి నొచ్చుకోడు. (ధర చెప్పేశాను. మల్లినాథుడు క్షమించుగాక.)

కవి నిజం పలికింది ఈ ఒక్కచోటే కనుక ఆక్షేపణ పక్కన పెట్టి ఒప్పుకోవాలి. చిన్నదవడంలో సుఖం ఉంది. రికో జీఆర్ 3 బ్యాటరీతో, కార్డుతో కలిపి 257 గ్రాములు. లాల్చీ జేబులో వేసుకుని ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద నడుస్తుంటే ఉందన్న ధ్యాసే ఉండదు. అందులో స్నాప్ ఫోకస్ అని ఒక ఉపాయం ఉంది. దూరం ముందే రెండున్నర మీటర్లకు కట్టేసి, ఎఫ్ 8 పెట్టుకుంటే, మీటరు పైచిలుకు దూరం నుంచి కనుచూపు ఆగేదాకా అంతా తేటగా వస్తుంది. వెతకడం లేదు, ఆగడం లేదు, నొక్కడమే. ఫుజీలో ఆకుషట్టరు పడిన చప్పుడు పక్కవాడికి వినబడదు. ఇరానీ హోటల్లో పేపరు చదువుకుంటున్న ముసలాయన తల ఎత్తడు, సాసరులో చాయ్ ఒలకదు. ఏ లెన్సు పెట్టాలన్న ప్రశ్న లేకపోతే కళ్ళకు పని దొరుకుతుంది. కొన్నాళ్ళకు కెమెరా తీయకముందే అంచులు ఎక్కడ పడతాయో తెలిసిపోతుంది, గోడ నీడ ఎంత లోపలికి రావాలో కాళ్ళకు తెలిసిపోతుంది. కాళ్ళను గురించి పద్యం చెప్పనక్కర్లేని స్థితి అది.

చింత లేదు: అసత్యం. జీఆర్ 3 బ్యాటరీ ఒక్కసారి నింపితే కంపెనీ లెక్కన సుమారు రెండువందల ఫోటోలు. అందుకని మరో రెండు బ్యాటరీలు జేబులో. దానికి దుమ్మూ వానా ఆపే కట్టడి లేదు, అందుకని ఒక గాలిబుడ్డి, ఒక మెత్తని గుడ్డ. చిన్న కెమెరాకు పెద్ద సంచి ఇలాగే వస్తుంది.

పాఠాంతరము: ఒక కవిగారి ఇంట్లో, వారి శ్రీమతి నోట, నాలుగో పాదం "చిన్న కెమెర నాది కిస్తు మిగిలె" అని వినబడింది. చికారానికి కికారం యతి కుదరదు. అర్థం కుదిరింది కనుక దీన్నే గ్రాహ్యమనుకుంటున్నాను.

తాత్పర్యము: చూచునది.

అలంకారము: లెన్సుకు గొడుగులా తగిలించే హుడ్, దాని అడాప్టరు రింగు, వాన లోపలికి రాకుండా ముందు బిగించే 49 మిల్లీమీటర్ల ఫిల్టరు, తోలు తొడుగు, బొటనవేలికి ఆసరా, షట్టరు మీట మీద ఎర్రటి గుండీ. రింగు, ఫిల్టరు లేకుండా ఎక్స్100 చినుకుకు ఆగదని కంపెనీవారే రాశారు. పద్యంలో అలంకారాలు పద్యంతోనే వస్తాయి. వీటిని విడిగా కొనుక్కోవాలి.