టీముకే ట్రాన్స్‌ఫర్!

ఆఫీసు పని మీద ఊళ్లు తిరిగే బేస్‌బాల్ అభిమానిది అదో గోస. సీజన్లో 162 మ్యాచ్‌లు, సగం సొంతూళ్లోనే. ఆ వేళకి తనేమో ఏ ఎయిర్‌పోర్టులోనో బెల్టు విప్పుతూ, ఫోన్లో స్కోరు చూస్తుంటాడు. ఓక్లాండ్ అథ్లెటిక్స్ జట్టు యాజమాన్యం ఆ బాధ తీర్చేసింది. టూరు ముగించుకుని ఇంటికొస్తే టీమే ఊళ్లో లేదు! ఫిలడెల్ఫియా, కాన్సాస్ సిటీ చుట్టి 1968లో ఓక్లాండ్‌లో పెట్టిన కాపురం 2024తో ఎత్తేశారు. ఇప్పుడు వెస్ట్ శాక్రమెంటోలో, చిన్న లీగు మైదానంలో మకాం. 2028కి లాస్ వేగాస్‌కట! అందాకా పేరు ముందు ఏ ఊరూ లేదు. అద్దెకున్నవాడు గుమ్మానికి నేమ్‌ప్లేటు కొట్టించుకోడు మరి. క్లయింటు ఎక్కడంటే అక్కడికి పెట్టె సర్దే బే ఏరియా తెలుగు టెకీలకి ఇదేం వింత? కాకపోతే వాళ్ల తిరుగుడు ఖర్చు కంపెనీ ఇస్తుంది. పాత ఓక్లాండ్ టోపీ బిల్లు అభిమాని ఎవరికి పెట్టాలో!