ఎర్రగడ్డలకు అమ్మిన వైర్లు

పాత సామాన్ల బండి మా వీధిలోకి వచ్చిన రోజు నేను మహా ఉషారుగా ఉన్నాను. అటక మీది అట్టపెట్టె దించి, అందులోని చార్జింగ్ వైర్లన్నీ వాకిట్లో కుప్ప పోశాను. లావు పిన్ను నోకియావి, సన్న పిన్ను నోకియావి, ఆ తర్వాత ఏళ్లతరబడి ఇల్లేలిన చిన్న పిన్ను వైర్లు, ఎందుకు కొన్నానో గుర్తులేనివి. బండాయన అన్నీ తూచి కిలో ఎర్రగడ్డలు ఇచ్చాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఒకటి రెండన్నా ఉంచుకోరాదా?" అంది. "ఇంక ప్రపంచమంతా ఒకటే వైరు. పేపర్లో చూడలేదా?" అన్నాను. అన్న నోటితోనే ఈ కథ చెప్పుకోవాల్సి వస్తోంది.

నేను ఆదోని పత్తి మార్కెట్లో ఒక కమీషన్ అంగట్లో లెక్కలు రాస్తాను. ముప్పై ఏళ్లుగా పత్తి చూస్తున్నాను. పైన తెల్లగా మెరిసేది చూసి ధర కట్టేవాణ్ణి మా దగ్గర ఎవరూ లెక్కచేయరు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీయాలి. తేమ ఎంతుందో అరచేతికి తెలియాలి. వేళ్ల మధ్య పట్టి లాగి పింజ పొడుగు చూడాలి. ఇంత తెలిసినవాణ్ణి, వైరు దగ్గరికొచ్చేసరికి మూతి చూసి బేరం చేశాను.

ఈ విషయంలో నా తెలివితక్కువతనం నిన్నా మొన్నటిది కాదు. చిన్న పిన్ను, అంటే మైక్రో యూఎస్‌బీ, 2007లో వచ్చింది. ఒకవైపు వెడల్పు, రెండోవైపు మూలలు చెక్కినట్టు ఇరుకు. ఒక్క తీరుగా పెడితేనే దూరుతుంది. నాకేమో అద్దాలు తీసేసి, మంచం మీద పడుకొని, చీకట్లో తడిమి గుచ్చే అలవాటు. దూరకపోతే తిప్పి చూద్దామని తోచేది కాదు, ఇంకాస్త నెడదామనే తోచేది. అట్లా రెండు ఫోన్ల మూతులు వదులైపోయాయి. వైరును ఒక పక్కకు వంచి, దాని మీద ఉప్పు డబ్బా బరువు పెడితే గాని చార్జింగ్ ఎక్కేది కాదు. రాత్రిపూట ఎవరన్నా ఆ పక్కన గట్టిగా నడిస్తే కేకలేసేవాణ్ణి.

రెండో ఫోను బాగుచేయించడానికి పోతే సెల్‌షాపు పిల్లోడు ఫోను కంటే ముందు వైరు చూశాడు.

"ఇది ఎన్నేండ్లదన్నా?"

"ఐదేండ్లది. చెక్కుచెదరలేదు" అన్నాను గొప్పగా. చిట్లిన చోటల్లా నల్లటేపు చుట్టి కాపాడుకున్నాను మరి.

వాడు నవ్వాడు. ఈ పిన్ను తయారుచేసినవాళ్లు పట్టుకునే చిన్న కొక్కేలను, స్ప్రింగులను కావాలనే వైరు వైపు పెట్టారట. అరిగేదేదో వంద రూపాయల వైరే అరగాలి, వేల రూపాయల ఫోను అరగకూడదని. పదివేల సార్లు పెట్టి తీసినా ఓర్చుకునేలా దాన్ని రూపొందించారు. నేను తలకిందులుగా వైరుకు ఆయుష్షు పోసి ఫోన్లను చంపుకున్నాను.

చార్జర్ వైపుండే వెడల్పు మూతి కథ వేరు. ఒకసారి పెడితే దూరదు, తిప్పితే దూరదు, మళ్లీ మొదటిలాగే పెడితే దూరుతుంది. అది నా ఒక్కడి జాతకమే అనుకునేవాణ్ణి. 1996లో తొలి యూఎస్‌బీ వెలువడినప్పుడు ఆ పనిలో ముందున్నవారిలో ఒకరు వడోదరలో చదువుకొని ఇంటెల్‌కు పోయిన అజయ్ భట్. ఎటు పెట్టినా దూరేలా చేయాలంటే తీగలు, సర్క్యూట్లు పెరిగి ఖర్చు రెట్టింపయ్యేదని, అందుకే అట్లా వదిలేశామని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. చదివి నా మనసు కుదుటపడింది.

ఆ బాధ తీర్చడానికే 2014లో టైప్ సీ వచ్చింది. వేలి గోరంత మూతిలో 24 స్పర్శలు, పైన పన్నెండు, కింద పన్నెండు. ఎటు తిప్పి పెట్టినా ఒకటే. 2023లో ఐఫోను కూడా పదకొండేళ్లుగా పట్టుకొని ఉన్న తన సొంత పిన్నును వదిలి దీంట్లోకి వచ్చింది. ఐరోపా దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఇదే ఉండాలని చట్టం. ఇదంతా చదివి నాకు జ్ఞానోదయమైంది. ఆ మర్నాడే బండాయన వచ్చాడు.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు మామ ఇంటికి పోయాము. ఆయన మగ్గం మీద జీవితం గడిపిన మనిషి. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సంఘానికి ఏళ్లతరబడి నేశాడు. కరెంటు పోతే ఇబ్బంది పడుతున్నాడని ఆయన కోసం, బండాయన రాకముందే, ఆదోనిలో ఒక చార్జింగ్ లైటు కొని ఉంచాను. దాని మూతి కూడా టైప్ సీనే. నా దగ్గర కొత్త ఫోను చార్జరుంది, రెండు కొసలూ సీ పిన్నే ఉన్న దిట్టమైన వైరుంది. రాత్రంతా పెట్టాను. పొద్దున చూస్తే లైటు చచ్చినట్టుంది. తిప్పి పెట్టాను. ఎటు పెట్టినా దూరింది, ఎటు పెట్టినా వెలగలేదు.

నాకు కోపం నషాళానికెక్కింది. జాతర వదిలేసి, లైటు సంచిలో వేసుకొని, గంటసేపు కిక్కిరిసిన బస్సులో నిలబడి ఆదోనికి వచ్చి ఆ అంగటాయన మీద పడ్డాను. "పెద్దాయనకు ఇవ్వడానికి కొంటే సెడిపోయింది అంటగడతావా?" అని పదిమందిలో నిలదీశాను. ఆయన మారుమాట్లాడకుండా ఒక పాత చార్జరు, ఒక కొస వెడల్పు మూతి, రెండో కొస సీ పిన్ను ఉన్న వైరు తీసి పెట్టాడు. ఎర్రలైటు టక్కున వెలిగింది.

"డబ్బాలో ఇచ్చిన వైరు ఏదన్నా?" అన్నాడు.

నేను జవాబివ్వలేదు. అది మూరెడైనా లేని పొట్టి వైరు, ఒక కొస పాతమూతి. ఎర్రగడ్డల్లో కలిసిపోయింది.

ఆయన వివరంగా చెప్పాడు. పాత చార్జరు ధర్మసత్రం లాంటిది, ఎవరొచ్చినా అడక్కుండా 5 వోల్టులు పోస్తుంది. సీ మూతి చార్జరు అట్లా కాదు. అవతలి కొసన 5.1 కిలోఓమ్‌ల చిన్న రెసిస్టరు కనబడితేనే ఎవరో వచ్చారని నమ్మి కరెంటు వదులుతుంది. లైటు చేసినవాళ్లు మూతి సీ పెట్టారు గాని, పైసల ఖరీదు చేసే ఆ రెసిస్టరు మిగుల్చుకున్నారు. అందుకే పాత వైరు డబ్బాలోనే పెట్టి ఇచ్చారు.

బస్సులో తిరిగి పోతూ ఆలోచించాను. పాత పిన్ను మొరటుదే గాని, నా తప్పు నా మొహానే చెప్పేది: దూరేది కాదు. ఈ సీ పిన్నుకు అడ్డం చెప్పడం తెలియదు. రెండు చేతులా లోపలికి రమ్మంటుంది, రాత్రంతా కూర్చోబెడుతుంది, పొద్దున ఉత్తచేతులతో పంపుతుంది.

పాఠం నేర్చుకున్నాననుకుంటే పొరపాటు. నెల తిరక్కుండానే మా అబ్బాయి లాప్‌టాప్‌కు నా ఫోను వైరు తగిలించాను. చార్జరు మీద 100 వాట్లని రాసుంది, మూతి సరిపోయింది, ఇంకేం కావాలి? వాడు పని చేస్తుంటే బ్యాటరీ దిగిపోతూనే ఉంది. 3 యాంపియర్లు దాటి కరెంటు పంపాలంటే వైరు లోపల దాని శక్తి చెప్పే ఒక చిప్పు ఉండాలట. అది లేని వైరు 60 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. చిప్పు ఉందో లేదో పైకి కనబడదు. ఇంగ్లండులో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు చేసేవాళ్లే 2019లో రెండు రెసిస్టర్లు పెట్టాల్సిన చోట ఒక్కదాన్నే పెట్టి, చిప్పున్న వైర్లతో అది పనిచేయక తలపట్టుకున్నారని అబ్బాయి ఓదార్చాడు. వాళ్లు తర్వాత దిద్దుకున్నారు. నేను ఇంకా దిద్దుకుంటున్నాను.

అంతకుముందు, ఆ జాతర రోజున కొత్తగా కొన్న పాతరకం వైరుతో లైటు తిరిగి అప్పజెప్పినప్పుడు మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. జరిగిందంతా విన్నాడు. "సంఘంలో చీర ఇస్తే ముందు తిరగేసి చూసేటోళ్లప్పా. నువ్వు పత్తి మనిషివి, నీకు నేను చెప్పాల్నా?" అన్నాడు. లైటు వెలుగులో నా మొహం కనబడకుండా పక్కకు జరిగాను.

మొన్న బండాయన మళ్లీ మా వీధికి వచ్చాడు. మా ఆవిడ వినకుండా గబగబా పోయి, "పోయినసారి ఇచ్చిన వైర్లు ఏమన్నా మిగిలాయా?" అని అడిగాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎర్రగడ్డలు మిగిలాయా సార్?" అన్నాడు.