‘వెనక’ అను పదమునకు టీక

మా బామ్మర్ది ఏది చెప్పినా ఉపనిషత్తు చెప్పినట్టే చెబుతాడు. కాఫీలో చక్కెర ఎంతో చెప్పినా అంతే. కొండాపూర్‌లో ఫ్లాటు, గచ్చిబౌలిలో ఉద్యోగం. సంక్రాంతికి గౌలిపురాలోని మా ఇంటికి వచ్చి, మా టీవీ సొంత గొంతుతో మాట్లాడటం విని అతను పడ్డ జాలి, మా నాయన పోయినప్పుడు పరామర్శకు వచ్చిన రోజున కూడా పడలేదు. పది రోజులు తిరగకముందే కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఆటోలో అయిదు చిన్న డబ్బాలు, ఒక పెద్ద డబ్బా దిగాయి. ఖర్చులో సగం నాది. ఈ సంగతి టీకలో ఎక్కడా రాదు గనుక ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ రాత్రి ఫోనులో ఈ వాక్యం వచ్చింది.

మూలము: “బావా, వెనక స్పీకర్లు చెవి కంటె రెండడుగులు పైన, 110 డిగ్రీలల్ల, గోడకు అంటకుండ పెట్టాలె. స్వీట్ స్పాట్ మాత్రం కదలొద్దు.”

ఇరవై ఆరేండ్లుగా బడిలో తెలుగు చెబుతున్నవాణ్ణి. బరువైన వాక్యం కనబడితే కింద టీక రాయనిదే చెయ్యి ఊరుకోదు. మా మెదకు దిక్కు కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

బావా: సంబోధన ప్రథమావిభక్తి. మర్యాదవలె ధ్వనించును. కాని వాక్యాంతమందలి ‘పెట్టాలె’తో అన్వయించి చదివినచో మర్యాద ఆవిరియై ఆజ్ఞ మిగులును.

స్పీకర్లు: స్పష్టము. రెండడుగులు: స్పష్టము. పైన: స్పష్టము.

వెనక: ఇది వాక్యమునకు ప్రాణము. ముఖమునకు సూటిగా ఎదురు సున్న డిగ్రీలు. చెవికి సూటిగా తొంభై. మెడ వెనక గుంట 180. అట్లైన 110 అనగా చెవి దాటి ఇరవై డిగ్రీలు మాత్రమే. డాల్బీవారు 5.1 పద్ధతికి విధించిన కొలతయు 110 మొదలు 120 వరకే. నిజముగా వెనక నిలుచునవి 7.1 పద్ధతిలో అదనముగా వచ్చు జంట, వాటి స్థానము 135 మొదలు 150. కావున మూలకర్త వెనక అన్నది పక్కను. ఈ రెంటికీ భేదము తెలియని జాతి కాదు మనది. పక్కలో బల్లెము వేరు, వెన్నుపోటు వేరు.

శంక: గంగలో పల్లె అన్నప్పుడు గంగ ఒడ్డున పల్లె అని లక్షణచేత గ్రహించినట్లు, వెనక అన్నప్పుడు వెనక ఒడ్డున అని గ్రహించరాదా? సమాధానము: గ్రహింపవచ్చును. ఒడ్డు ఉండవలెను గదా!

మా ముందరి అర్ర వెడల్పు పదడుగులు, పొడవు పద్నాలుగు. సోఫా వెనక గోడకు ఆని ఉంటుంది. ఆనకపోతే వాకిలి తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఆ గోడకు అవతల పక్కింటివాళ్ళ వంటిల్లు. అంటే శాస్త్రప్రకారం మాకు ‘వెనక’ ఉన్నది వాళ్ళ పోపులడబ్బా పక్కన. ఈ పద్ధతులన్నీ సినిమాహాళ్ళ కోసం పుట్టినవి. 1940లో డిస్నీ ‘ఫాంటేసియా’ సంగీతాన్ని హాలు చుట్టూ తిప్పినా, 1979లో ‘అపోకలిప్స్ నౌ’ హెలికాప్టర్లు ప్రేక్షకుల నెత్తి చుట్టూ గింగిరాలు కొట్టినా, ఆ ప్రేక్షకుల వెనక ఇంకా బోలెడు కుర్చీలున్నాయి. వెనక అనేది జాగా ఉన్నవాడి సొత్తు. ఇది నా కోపం, టీక కాదు.

స్పీకర్లు బిగించడానికి వచ్చిన మిస్త్రీ టేపు తీసి, అటు కొలిచి, ఇటు కొలిచి, టేపు మళ్ళీ జేబులో వేసుకుని ఒక్క మాట అన్నాడు: “పీఛే జగా హైచ్ నై, సాబ్.”

ఈ వాక్యము మూలము కంటె గొప్పది గనుక దీనికిని టీక వ్రాయుచున్నాను. హై, ఇచ్ అను పదములు కలిసి హైచ్ అయినది. ఇది సవర్ణదీర్ఘము కాదు, గుణము కాదు, చార్మినారు సంధి. ఇచ్ అనునది మరాఠీ చకారము దక్కనీలోనికి దిగి స్థిరపడిన రూపము. సంస్కృతమున ఏవకారము చేయు పని, తెలుగున ‘జాగానే లేదు’ అన్నప్పుడు నేకారము చేయు పని, ఇది చేయును. జాగా తక్కువ అనలేదు, ఇరుకు అనలేదు. అసలు వెనక అను పదార్థమే ఈ గృహమున లేదని అత్యంతాభావము ప్రతిపాదించినాడు. న్యాయశాస్త్రమున అభావములు నాలుగు. మా మిస్త్రీ సరియైనదానినే ఏరుకొనెను. కూలి మాత్రము భావపదార్థమే, మున్నూటయాభై.

గోడకు అంటకుండ: మా గోడలు తాతల నాటి డంగుసున్నం గోడలు. డ్రిల్లింగు మిషను పెట్టగానే అరచేతులంత పెళ్ళలు ఊడిపడ్డాయి. కుడి స్పీకరు మూడో ప్రయత్నానికి నిలిచింది. దాని చుట్టూ జానెడు మేర గోడ లేదు, లోపలి రాయి కనబడుతున్నది. స్పీకరు గోడకు అంటకుండుట అనెడి విధి ఈ తీరున సిద్ధించినది.

చెవి కంటె: ఇక్కడ కొంచెం ఆగాలి. ధ్వని చెవిదాకా ఎట్లా వస్తుందన్న ప్రశ్న గుజరాతీ గల్లీలో పుట్టింది కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రుడు. చెవికి చిక్కే గుణం శబ్దమన్నాడు, అది ఆకాశానికి గుణమన్నాడు. తన దీపికలో దాన్ని మూడు విధాలు చేశాడు. భేరికీ కొయ్యకూ సంయోగం వల్ల పుట్టేది ఒకటి. వెదురు చీలినప్పుడు విభాగం వల్ల చటచటమని పుట్టేది ఒకటి. ఆ పుట్టినచోటి నుంచి చెవిదాకా, శబ్దం శబ్దాన్ని కంటూ వచ్చేది మూడోది. అంటే మన చెవిలో పడేది భేరి కొడుకు కూడా కాదు, మునిమనుమడు. ఎంత అందమైన ఊహ! ఆ రాకడ ఏ తీరున అన్నదానికి రెండు దృష్టాంతాలు చెబుతారు. నీళ్ళలో రాయి పడితే అల అలను తోసుకుంటూ పోయినట్టు అంటే వీచీతరంగ న్యాయం. కడిమి మొగ్గ నలువైపులా ఒక్కసారే కేసరాలు విప్పినట్టు అంటే కదంబముకుల న్యాయం. మీమాంసకుడు ఈ రెంటినీ తోసిపుచ్చి, శబ్దం పుట్టనే పుట్టదు, నిత్యంగా ఉన్నదే గాలి తగిలి బయటపడుతుంది అంటాడు. మా వీధి చివర డీజే పెట్టిన రాత్రి నాకు మీమాంసకుడే నిజమనిపిస్తాడు. అది ఎప్పుడూ పుట్టినట్టుండదు, ఎప్పటికీ చచ్చేటట్టూ ఉండదు.

పెళ్ళి బరాత్‌లో మర్ఫా వస్తే మాత్రం వేరు. నిజాం కొలువుకు వచ్చిన హబ్షీలూ అరబ్బులూ మనకిచ్చిపోయిన వాద్యం అది. శాలిబండ మలుపు దగ్గర మొదలైనప్పుడు చెవికి దిక్కు తెలుస్తుంది. మా గల్లీలోకి తిరిగాక దిక్కు పోతుంది, వీచీతరంగం కాస్తా కదంబమవుతుంది, వంటింట్లో గిన్నెలు తాళం వేస్తాయి. దీనికి తీగ లేదు, రిమోటు లేదు.

ఆ మాటకొస్తే గోలకొండ. ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు అవతల, కొండ కొసన బాలాహిస్సార్‌లో వినబడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది గనుక ఆ చప్పుడు కొండెక్కడానికి మూడు సెకన్లు. కుతుబ్‌షాహీల మేస్త్రీలు రాతినీ సున్నాన్నీ వంచి ఆ పని చేయించారు. మరి 1687లో ఏమైంది? ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా పడని కోట, లోపలివాడొకడు లంచం తిని తలుపు తీస్తే ఒక రాత్రిలో పడింది. ధ్వనిశాస్త్రంలో దోషం లేదు. చప్పట్లు కొట్టే మనిషి లేడు, అంతే. అటు తర్వాత ఆ దర్వాజాకే విజయద్వారమని పేరు. గెలిచినవాడు పెట్టిన పేరు. ఇప్పుడు దాని కింద నిలబడి బడిపిల్లలు చప్పట్లు కొడుతుంటారు, పైన గైడు ‘సునో, సునో’ అంటుంటాడు. ఏటేటా మా బడి పిల్లలను తీసుకుపోతాను. ఏటేటా నాకే ముందు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఎక్కడ ఆగాం? స్పీకర్లు.

స్వీట్ స్పాట్: తీపి చోటు. కర్మధారయము. దీని అర్థము తెలిసిన పిదప నాకు కలిగిన చేదు వర్ణనాతీతము. స్పీకర్లన్నిటి కొలతా ఒక్క కుర్చీకే. ఆ కుర్చీ నుంచి ఏ డబ్బా ఎన్నడుగులో యంత్రానికి చెబితే, దగ్గరిదాన్ని అడుగుకు సుమారు ఒక మిల్లీసెకను చొప్పున ఆపి, అన్నిటినీ ఒక్కసారి ఆ చెవులకు అందిస్తుంది. తక్కిన చెవులతో దానికి పని లేదు. ఒకే ధ్వని రెండు చోట్ల నుంచి వస్తే ముందు అందినదే దిక్కును నిర్ణయిస్తుందని హాస్ అనే జర్మను 1949లోనే తేల్చాడు. ఇంట్లో ఆరుగురం. డబ్బాలు ఆరు, తీపి చోటు ఒకటి. అందులో కూర్చునేవాడు నెలకొకసారి కొండాపూర్ నుంచి వస్తాడు.

మా అమ్మ కుర్చీ కుడి స్పీకరు కింద. ఫ్యాను గాలి తగిలేది అక్కడే గనుక ముప్పై ఏండ్లుగా అది కదలలేదు. ఇప్పుడు ఆమె కుడిచెవికి అడుగున్నర దూరంలో గాలి వీస్తుంది, గుర్రాలు పరుగెత్తుతాయి, అద్దాలు పగులుతాయి. మనుషులు మాట్లాడే మాటలు మాత్రం తొమ్మిదడుగుల అవతల, టీవీ కింద డబ్బాలోనే ఉండిపోతాయి. “ఏమంటుండు వాడు?” అని అడుగుతుంది. నేను చెప్పేలోపు ఇంకో మాట పోతుంది. దాన్నీ అడుగుతుంది. పాత టీవీకి టీక అక్కరలేకపోయింది. కురుక్షేత్రంలో శంఖం హోరులో ద్రోణుడికి ‘కుంజరః’ వినబడలేదని చెప్పుకుంటాం. ఆయన్ని చంపింది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కే. కనీసం అక్కడ కృష్ణుడు కావాలని ఊదాడు.

ఉగాది వెళ్ళిన ఆదివారం బామ్మర్ది వచ్చి తీపి చోట్లో కూర్చున్నాడు. సినిమాలో వాన మొదలైంది, అదీ వెనక కుడివైపున. మా మిద్దెమెట్లు సరిగ్గా అటే. అమ్మ దిగ్గున లేచి, “వడియాలు!” అని, మోకాళ్ళు పట్టుకుని పదిహేను మెట్లు ఎక్కింది. బామ్మర్ది తొడ చరిచాడు. “చూసినవా బావా! అత్తమ్మ మిద్దెక్కిందంటే ప్లేస్‌మెంట్ పర్ఫెక్ట్!”

నేను పైకి పోయేసరికి అమ్మ పిట్టగోడ పట్టుకుని ఆయాసపడుతోంది. పక్కన చీర మీద వడియాలు ఎండి గలగలమంటున్నాయి. ఆకాశంలో మబ్బుతునక లేదు.

“ఏం లేదు బిడ్డా, గాలికొచ్చిన” అన్నది.

విశేషము: దశరథుడు సరయూతీరమున చీకటిలో కుండ మునిగిన బుడబుడ విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని శబ్దవేధి సంధించెను. బాణము దిక్కు తప్పలేదు. 110 అన్నచోట 110 లోనే తగిలినది. తప్పినది అర్థము. దిక్కు తెలిసినంత మాత్రాన వస్తువు తెలిసినట్లు కాదని శ్రవణకుమారుని తల్లిదండ్రులు చెప్పగలరు. బామ్మర్దికి ఈ కథ చెప్పాను. “అది మోనో కదా బావా” అన్నాడు.

పోయిన మంగళవారం రాత్రి వార్తలు చూస్తున్నాం. వెనక, కుడివైపున, టపటపమని మొదలైంది. నేను లేవబోయాను. అమ్మ ఒత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే అన్నది: “కూసో. అది నీ బామ్మర్ది వాన.”

తడిసిన వడియాలు రెండు కిలోలు. మూడు అని పాఠాంతరము.