ఊటకు ఊపిరి

సర్వీసంతా ఊట కడవలు పగలగొట్టిన మనిషికి బీరు కాచే కొడుకు పుట్టాడు. ఆదోనిలో మా వీధికొచ్చి అబ్కారీ సారు ఇల్లెక్కడని అడిగితే చూపించని వాళ్ళు లేరు, చూపిస్తూ ఈ మాట కలపని వాళ్ళూ లేరు. సారు రిటైరై చాలా ఏళ్ళయినా ఆ పేరు మాత్రం రిటైరు కాలేదు.

కొడుకు ఉండేది మెల్‌బోర్న్‌లో. వారమంతా కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు గ్యారేజీలో బీరు. సంగతి తెలిసిన కొత్తలో సారు కొడుకు ఫోనే ఎత్తలేదట. ఆస్ట్రేలియాలో సొంతానికి బీరు కాచుకుంటే లైసెన్సు అక్కర్లేదని, అమ్మితేనే తప్పని, బట్టీ పెట్టి సారాయి దించితే మాత్రం అక్కడా నేరమేనని కొడుకు చట్టం తీసి చదివి వినిపించాక మెత్తబడ్డాడు. చట్టంలో ఉందంటే సారుకు ఇంక అప్పీలు లేదు. "అదే డబ్బా ఆదోనిలో పెట్టి చూడు, 1968 ఎక్సైజు చట్టం కింద నీ మీద పంచనామా రాసేది నేనే" అని ప్రతిసారీ అనేవాడు. అని, తనే ముందు నవ్వేవాడు. పోను పోను ఆదివారం మధ్యాహ్నం జొన్నరొట్టెలు తిని కూర్చున్న వాళ్ళందరినీ ఇంటికి పిలిచి, టీవీలో వీడియో కాల్ పెట్టి, కొడుకు కార్ఖానా చూపించే దాకా వచ్చాడు. మనకు రెండు గంటలైతే అక్కడ చలికాలంలో సాయంత్రం ఆరున్నర. అప్పటికే చీకటి పడి ఉండేది.

బీరు పులియబెట్టే ఆ డబ్బా పేరు ఫెర్మ్‌జిల్లా. రూపొందించింది మెల్‌బోర్న్ కంపెనీయే. లోపల ఏం జరుగుతోందో కనిపించే గట్టి ప్లాస్టిక్కుతో, 30 లీటర్లు పట్టేంత ఉంటుంది. మూతలో నుంచి రెండు గొట్టాలు, వాటిలో ఒకదానికి వాల్వు, వాల్వు పక్కన ముల్లు తిరిగే డయలు. సారు భార్య మొదటిసారి చూసినప్పుడు అడిగిన ప్రశ్న వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఎన్ని విజిళ్ళు రావాలరా?"

అందరూ నవ్వారు గానీ ఆమె సగం పట్టేసినట్టే. కుక్కరు మీద వెయిట్ చేసే పనే ఆ వాల్వూ చేస్తుంది. కాకపోతే ఇక్కడ కింద మంట లేదు, లోపల ఈస్ట్ ఉంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి నీళ్ళలో ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. మామూలు డబ్బాలో ఆ గాలి బుడబుడమంటూ బయటికి పోతుంది. ఇందులో పోనివ్వరు. లోపలే పేరుకుని ఒత్తిడి పెరుగుతుంది, మనం పెట్టిన గీత దాటిన గాలిని మాత్రమే వాల్వు వదులుతుంది. ఆ గీత సాధారణంగా 10 నుంచి 15 పీఎస్ఐ మధ్య పెడతారు. డబ్బా 35 దాకా తట్టుకుంటుంది.

ఇంత తిప్పలు ఎందుకంటే, లాగర్ రకం బీరు 10 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో వారాల తరబడి పులియాలి. వేడి తగిలితే ఈస్ట్ ఎస్టర్లు ఎక్కువ పుట్టించి, బీరుకు పండ్ల వాసన తెస్తుంది. ఒత్తిడి కింద ఉంచితే దాని ఆగడం తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర కూడా లాగర్ లాగరుగానే తయారవుతుంది, రోజులూ కలిసొస్తాయి. పులిసేటప్పుడు పుట్టిన గాలే బీరులో కలిసిపోతుంది కనుక నురగ కోసం మళ్ళీ గ్యాసు ఎక్కించే పని పెద్దగా ఉండదు. మూత తీయకుండానే పీపాలోకి మార్చుకోవచ్చు, బయటి గాలి తగిలి రుచి చెడదు. కొడుకు ఇవన్నీ ఓపికగా చెప్పేవాడు. వింటున్న వాళ్ళలో సగం మందికి ఒకటే సందేహం, ఇంత చదువు చదివి అంగట్లో కొనుక్కోవచ్చు గదా అని.

సారు మనసు దోచింది మాత్రం డబ్బా కాదు, హైడ్రోమీటరు. కొడుకు పొడవాటి గాజు గొట్టంలో బీరు పోసి, అందులో గాజు పుల్ల తేలేసి అంకె చదువుతుంటే సారు కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. "ఇది మాదిరా! సారా ఘాటు కొలిచింది దీంతోనే!" అని స్క్రీను మీద వేలు పెట్టి చూపించాడు. కొడుకు ఉద్యోగానికి అమెరికా అన్నా, ఆస్ట్రేలియా అన్నా పడని సంబరం ఆ గాజు పుల్ల చూసి పడ్డాడు.

అక్కడి నుంచి కబుర్లు సర్వీసు మీదికి మళ్ళేవి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ పోరాటం, మన జిల్లా కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1న వచ్చిన సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ పెట్టిన సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ తేదీలతో సహా ఒప్పజెప్పేవాడు. ఆయన దృష్టిలో అదంతా తన జీపు తిరిగిన చరిత్ర.

"వాళ్ళు సంతకం పెట్టి కూర్చున్నారు. ఇక్కడ మా సంగతేమి? సరిహద్దు దాటి సిరుగుప్ప పోతే సారా ప్యాకెట్లు అంగడిలో దొరికేవి. కర్ణాటకలో 2007 జూలై దాకా సారా మామూలు సరుకే. పాల క్యాన్లలో తెచ్చేటోడు ఒకడు, పత్తి బోరాల్లో తెచ్చేటోడు ఒకడు. ఎన్నని పడతాం? పైనోళ్ళకు మాత్రం నెలాఖరుకు కేసుల లెక్క కావాల. జనమంతా సుగ్గికని గుంటూరు దిక్కు మిరపకాయలు కొయ్యను పోయినప్పుడు ఊర్లలో ముసలోళ్ళు తప్ప మనిషి ఉండడు. కేసులు యాడ నుంచి తెచ్చేది? అయినా ఒక్క నెల తక్కువ రానీలేదప్పా నేను."

సుగ్గి వలసలు తెలిసిన వాళ్ళకు ఆ మాట అతిశయోక్తి కాదు. ఆదోని, ఆలూరు, మంత్రాలయం పల్లెల్లో ఆ నెలల్లో తాళాలు పడిన ఇళ్ళే కనిపిస్తాయి.

ఈ కబుర్లన్నిటికీ రోజూ ఉండే శ్రోత ఒకామె ఉండేది. వంటింటి గడప అవతల అంట్లు తోముకునే ఎమ్మిగనూరామె. అరవై దగ్గర పడి ఉంటుంది. పలకరిస్తే పలుకుతుంది, లేకపోతే లేదు. సారు ఆమెను కొత్తవాళ్ళకు పరిచయం చేసే తీరే వేరు.

"ఈమె మీద కేసు పెట్టింది నేనే, పని ఇచ్చిందీ నేనే."

ఆ కేసు సారుకు ఎంత చెప్పినా తనివి తీరని కథ. ఎమ్మిగనూరు అంటే చేనేత. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు అది. ఈమెదీ నేతింటి సంసారమే. మొగుడూ పెళ్ళామూ గుంట మగ్గం మీద నేసేవాళ్ళు. గుంట మగ్గం అంటే, ఇంట్లో నేల మీద ఒక గుంత తవ్వి ఉంటుంది. నేసేవాళ్ళు గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పైన పోగులు విడిపోయి నాడె పోయే దారి ఏర్పడుతుంది. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా కాళ్ళు అందులోనే.

"మద్య నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడు. ఆ గుంతలో దొరికినాయప్పా రెండు కడవల బెల్లం ఊట!" అని సారు చేతులతో కడవల సైజు చూపించేవాడు. "ఆ ఇరుకులో రెండు కడవలు ఎట్ల ఇమిడిచిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. సారా కాచేటోళ్ళు ముళ్ళపొదల్లో పాతిపెడతారు, వంకల్లో పెడతారు. మగ్గం గుంతలో పెట్టేది ఎవరి బుర్రకైనా తడుతుందా? జడ్జి కూడా మెచ్చుకున్నాడు నన్ను. ఆర్నెల్లు పడింది."

కేసు ఖర్చులకు మగ్గం అమ్మేశారు. తర్వాత మొగుడు పోయాడు. ఆమె ఆదోనికి వచ్చి జిన్నింగ్ మిల్లులో కూలికి చేరింది. దూది పొట్టు పడక దగ్గు పట్టుకుంటే మానేసి, పని వెతుక్కుంటూ ఈ వీధికి వచ్చింది. పనిలో పెట్టుకుంది సారు భార్య. ఎవరో ఏమిటో ఆమెకు తెలియదు. నాలుగు రోజులకు సారు గుర్తుపట్టాడు. గుర్తుపట్టి పంపించేయలేదు, అదీ తన మంచితనం ఖాతాలోనే రాసుకున్నాడు. చెడిపోయిన మనిషిని దారికి తెచ్చానని నాతోనే ఒకసారి అన్నాడు. ఆమె వింటుండగానే అన్నాడు.

పోయిన ఆషాఢంలో కొడుకు బీరు మొరాయించింది. జూలై అంటే అక్కడ చలికాలం. ఆదివారం టీవీలో వాడి మొహం వేలాడేసుకుని కనిపించింది.

"ఆగిపోయింది నాయనా. 1.048తో మొదలై 1.026 దగ్గర నిలబడింది. 1.010కి దిగాల. మూడు రోజులైంది, ముల్లు కదలడం లేదు."

"పారబోసెయ్," అన్నాడు సారు. ఊట విషయంలో ఆయనకు తెలిసిన పని అదొక్కటే.

కొడుకు తను చేసిందంతా చెప్పుకొచ్చాడు. తొందరపడి మొదటి రోజే వాల్వు బిగించి, బయటి సిలిండరుతో 15 పీఎస్ఐ దాకా గ్యాసు ఎక్కించాడట. రాత్రి గ్యారేజీ చల్లబడిపోయిందట, డబ్బాకు చుట్టే వేడి పట్టీ స్విచ్చి వేయడం మర్చిపోయాడట.

అప్పుడు వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. ఎమ్మిగనూరామె తడి చేతులతోనే గడప దగ్గరికి వచ్చింది. టీవీకి ఎదురుగా ఆమె నిలబడటం అదే మొదలు.

"మొదటి పొద్దే మూతి బిగిచ్చినావాప్పా?"

"ఆఁ అక్కా."

"అట్లయితే ఎట్ల పులుస్తాది? ఊటకు మొదట ఊపిరాడాల. గుడ్డతో వాసెన కట్టి వదిలిపెడితే ఒకటి రెండు పొద్దులకు అదే లేస్తాది. లేసినాక ఎంతన్నా బిగిచ్చుకో. ఇప్పుడు ఆ గాలి మెల్లగా తియ్యి. బిరీన తీస్తే పొంగి పైన పడతాది. దుప్పటి కప్పు. కడవను రెండు మాట్లు అట్లా ఇట్లా తిప్పు, అడుగున పండుకున్నదాన్ని లేపాల గదా."

కొడుకు కాసేపు మాట్లాడలేదు. ఆమె చెప్పింది పుస్తకాల్లో ఉన్నదే. ఈస్ట్ మొదటి రోజు చక్కెర తినడం కంటే తన సంతానం పెంచుకోవడం మీదే ఉంటుంది. ఆ వేళ గాలి ఒత్తిడి ఎక్కువైతే సంతతి పెరగదు, తక్కువ మందితో పని మొదలుపెట్టి మధ్యలో చతికిలబడుతుంది. చలి తోడైతే అడుగుకు చేరి పడుకుంటుంది. వాడు చదివినవాడే, తొందరలో వదిలేశాడు. ఆ రాత్రే గాలి తీసి, పట్టీ స్విచ్చి వేసి 20 డిగ్రీలకు తెచ్చి, డబ్బాను నెమ్మదిగా కుదిపాడు. మర్నాటికి డయలు మీద ముల్లు కదిలింది. ఆ వారం చివరికి హైడ్రోమీటరు 1.011 చూపించింది.

ఆ బీరునే వాళ్ళ దగ్గర ఇంట్లో కాచుకునే వాళ్ళ పోటీకి పంపితే మూడో బహుమతి వచ్చింది. ఆ కబురు చెప్పిన ఆదివారం సారు ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు, నేను, పిలవని పిల్లలు. సారు భార్య అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టింది. కొడుకు సీసా తిప్పి కెమెరాకు చూపించాడు. లేబులు మీద ఆదోని కొండ, కోట గోడ గీయించాడు. దాని కింద 'ఆదోని లాగర్' అని తెలుగులోనే ఉంది.

"ఈసారి కాచేదాని మీద అక్క పేరు వేస్తా," అన్నాడు కొడుకు. "ఎమ్మిగనూరు అని ఊరు పేరు కూడా. అక్కా, ఒకసారి ఇట్లా రా! ఎన్నేళ్ళు కాచినావు నువ్వు? అది కూడా రాస్తా."

ఆమె బజ్జీల పళ్ళెం కింద పెట్టింది.

"రాయరా, రాయి," అన్నాడు సారు ఉత్సాహంగా. "మగ్గం గుంతలో రెండు కడవలు దాచిన మొనగత్తె అని కూడా రాయి. పట్టింది మీ నాయనే అని రాయి." గదంతా గొల్లుమంది.

నవ్వు తగ్గేదాకా ఆమె ఊరుకుంది. చేతులు కొంగుకు తుడుచుకుని టీవీ వైపే చూస్తూ చెప్పింది.

"కాచింది యాడప్పా, ఒక్క పొద్దూ కాచలే. ఇయన్నీ లోపలికి పోయినాక ఇన్నయే. కాచినోళ్ళు అక్కడ ఉండిరి, రాత్రిళ్ళు చెప్పుకుంటా ఉండిరి. పేరు ఎయ్యాలంటే సారు పేరే ఎయ్యి నాయనా. ఆ కడవలు రెండూ సారు జీపులో నుంచి దించినయే గదా."