ఉరి పోయె, ఉపసంఘం వచ్చె

హైదర్ అలీ బళ్లారిని పట్టుకున్నాక కోటను గట్టి చేయమని ఒక ఫ్రెంచి ఇంజినీరుకు అప్పగించాడట. ఆయన కొండ మీది కోటను బాగుచేశాడు, కింద ఇంకో కోట కట్టాడు, బిల్లు కూడా పెట్టుకునే ఉంటాడు. అంతా అయ్యాక నవాబుగారు పైకెక్కి చుట్టూ చూస్తే, పక్కనున్న కుంబార గుడ్డ అనే కొండ ఇంకా ఎత్తుగా కనబడింది. దాని మీద ఎవడైనా ఫిరంగి పెడితే కోట కథ కంచికే. ఇంజినీరును తూర్పు వాకిలి దగ్గర ఉరి తీయించాడని ఊళ్లో చెప్పుకుంటారు, సమాధి కూడా చూపిస్తారు. ఈ కథ మీద చరిత్రకారులు అనుమానపడవచ్చు, కాంట్రాక్టర్లు మాత్రం నమ్మితేనే మంచిది.

మన ఊళ్లో జరిగిన మొట్టమొదటి ముప్పు అంచనా అదే అని నా లెక్క. ఆలస్యంగానే జరిగింది, కానీ జరిగింది. ఎత్తెంత, దూరమెంత, గుండు ఎక్కడ పడుతుంది, బాధ్యుడెవరు? నాలుగింటికీ ఒక్క పూటలో జవాబు వచ్చేసింది. ఇప్పుడు మొదటి మూడింటికి కన్సల్టెంట్లున్నారు. నాలుగోదానికి ఉపసంఘం ఉంది. ఉరి వద్దనడం నాగరికతే, కాదనను. బాధ్యుణ్ణే వద్దనుకోవడం ఏ నాగరికతో తెలియదు.

సంస్థలకు మాత్రం లోటు లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాకో ప్రాధికార సంస్థ, దానికి జిల్లా కలెక్టరైన డీసీగారు అధ్యక్షులు. 2025లో చట్టాన్ని సవరించి, మహానగర పాలికె ఉన్న ఊళ్లకు విడిగా పట్టణ సంస్థ పెట్టుకోవచ్చన్నారు. అందులో పాలికె కమిషనర్ అధ్యక్షులు, డీసీగారు ఉపాధ్యక్షులు. అంటే నీళ్లు పక్కనున్న మోకా గ్రామంలో ఉన్నంతసేపు డీసీగారు పెద్ద, బళ్లారి పొలిమేర దాటి లోపలికొచ్చాయా కమిషనర్‌గారు పెద్ద. వాన ఏ వార్డులో మొదలైందో ముందే తెలిస్తే కుర్చీలు ఎలా వేయాలో తేల్చుకోవచ్చు.

ముప్పును లెక్కగట్టడానికి ప్రపంచమంతా వాడే సూత్రం ఒకటుంది. ఆపద ఎంత పెద్దది, దాని దారిలో ఎవరున్నారు, ఉన్నవాళ్లు ఎంత తట్టుకోగలరు. ఈ మూడింటినీ కలిపి చూడాలి. మన దగ్గర ఫారంలో మొదటి గడి నిండగానే మధ్యాహ్న భోజనం వస్తుంది. వర్షపాతం ఇంత, ఉష్ణోగ్రత ఇంత, భూకంపం జోన్ ఇంత. మిగతా రెండు గడులకు మనుషుల ఇళ్లకు వెళ్లాలి కదా, ఎండలో ఎవరు పోతారు?

ఆ భూకంపం గడే తీసుకోండి. పటంలో బళ్లారి చాలాకాలంగా రెండో జోన్‌లో, అంటే అన్నిటికంటే భద్రమైన చోట ఉంది. 2010 జనవరి 26న గాంధీనగర్‌లో కడుతున్న బహుళ అంతస్తుల భవనం కూలిపోయింది. భూమి వీసమెత్తు కదల్లేదు. పనిచేస్తున్న కూలీలు శిథిలాల కింద పోయారు. మన కట్టడాలకు ప్రకృతి సాయం అవసరం లేదని ఆ రోజే రుజువైంది. అయినా భూమి ఎంత ఊగుతుందో రాయడానికి గడి ఉంది, ఎవరు ఎంత సిమెంటు కలిపారో రాయడానికి లేదు.

ఇక ఎండ. బళ్లారికి రెండే కాలాలని జోకు: ఎండాకాలం, ఇంకా మండే ఎండాకాలం. ఏళ్ల తరబడి కేంద్రం విపత్తు సాయం ఇచ్చిన జాబితాలో 12 విపత్తులుండేవి. సునామీ ఉండేది, మంచు చరియలు ఉండేవి, చలిగాలులూ ఉండేవి. వడగాడ్పు ఉండేది కాదు. కాబట్టి బళ్లారి రాయల్ సర్కిల్‌కు సునామీ వస్తే మన హక్కు మనకు ఖాయంగా ఉండేది. సండూరు కొండల మీంచి మంచు జారిపడ్డా దిగులుండేది కాదు. రేకుల కప్పు కింద రోజంతా జీన్స్ ప్యాంట్లు కుట్టే అమ్మాయి వడదెబ్బకు పడిపోతే మాత్రం అది ఆమె సొంత వ్యవహారమయ్యేది. నల్లా నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, ఇంట్లో ఫ్యాను ఉందా, పనికి పోని రోజు కూలి ఎవరిస్తారు? తట్టుకునే శక్తి అంటే ఇదే. కొలవడానికి ఉపగ్రహం అక్కర్లేదు, తలుపు తడితే చాలు.

నీళ్ల సంగతికొస్తే మన తెలుగువాళ్లందరికీ వాటా ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగింది, గేటు కొట్టుకుపోయింది. 1953 నుంచి నిలబడ్డ డ్యాం, 33 గేట్లు, నిండుగా 105 టీఎంసీల నీళ్లు. అందులోంచి పదుల టీఎంసీలు నదిలోకి వదిలేయక తప్పలేదు. బళ్లారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం రైతులు టీవీల ముందు కూర్చుని తమ పంట పారిపోవడం ప్రత్యక్ష ప్రసారంలో చూశారు. చివరికి రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడుగారు వచ్చి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు దింపించి ఒడ్డున పడేశారు. ఆయనకు దండం పెట్టాల్సిందే. కానీ రెండు పెద్ద రాష్ట్రాల ‘సామర్థ్యం’ గడిలో నిజాయతీగా రాయాల్సి వస్తే, ఒక పెద్దాయన ఫోన్ నంబరు రాయాలి.

ఆ తర్వాత నిపుణులు చూసి గేట్లన్నీ మార్చాలన్నారు. 2025లో డ్యాంను 80 టీఎంసీల దగ్గరే ఆపారు, గేట్ల పని కోసం రెండో పంటకు నీళ్లు లేవన్నారు. నిర్ణయం సరైనదే. గొలుసు తెగకముందు తీసుకుని ఉంటే ఇంకా సరైనది. గొలుసు తుప్పు ఎవరి ఖాతాలోదో ఇంకా తేలలేదు, ఖర్చు మాత్రం రైతు ఖాతాలో పడింది.

అంతకుముందు 2022 చివర్లో వేదావతి నది మీద తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) అక్విడక్టు స్తంభం కూలింది. అప్పటి మంత్రి శ్రీరాములుగారు మరమ్మతు అయ్యేదాకా కదలనని అక్కడే మకాం వేశారు, రాత్రుళ్లు అక్కడే పడుకున్నారు. పని త్వరగా అయింది, ఫొటోలు కూడా బాగా వచ్చాయి. ఈ పద్ధతి నాకు నచ్చింది. చిక్కల్లా ఒకటే: స్తంభాలు చాలా ఉన్నాయి, మంత్రులు తక్కువ. కూలకముందే పక్కనో మంచం వేయడం మొదలుపెడితే బడ్జెట్ చాలదు.

1953లో బళ్లారి ఎవరిదన్న తగవు తీర్చడానికి జస్టిస్ మిశ్రాతో విచారణ జరిపించారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరులో కలిసింది. తర్వాత గనుల కోసం సరిహద్దు రాళ్లకే కాళ్లొచ్చాయన్న తగువుతో సర్వే ఆఫ్ ఇండియా దాకా వెళ్లాం. అంగుళం భూమి ఎవరిదో తేల్చడానికి ఇంత తెలివి ఉన్న మనకు, ఆ భూమి మీద ఏ ఇల్లు ముందు మునుగుతుందో తేల్చే ఓపిక లేదు. 2009 అక్టోబరులో సిరుగుప్ప, మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో గోడల మీద మరకలు చెప్పాయి. సున్నం వేసి తుడిచేశాం.

అందుకే ఒక మనవి. పాలికె ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చినవాళ్లను రోడ్డు, లైటు అడిగాక ఇంకొక్కటి అడగండి: మా వార్డులో పెద్ద వాన పడితే ముందు ఎవరింట్లోకి నీళ్లొస్తాయి, వాళ్లను ఎక్కడికి తీసుకుపోతారు, ఆ చోటి తాళం ఎవరి దగ్గరుంది? ‘సమగ్ర నివేదిక తయారవుతోంది’ అంటే నవ్వకండి. ఎప్పటికి తయారవుతుందో తేదీ అడగండి, వాళ్లు పంచిన కరపత్రం వెనకే రాయించి సంతకం పెట్టించుకోండి.