నా లోగోడ

వినుకొండలో, రామలింగేశ్వరుడి కొండ కనిపించే ఒక పెరట్లో సిమెంటు గోలేన్ని నేను. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని వాడ మాది. నాలో నీళ్లుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకే నన్ను ఖాళీ కానిచ్చేవారు కాదు. ఉన్న నీళ్లమీదే కొత్తనీళ్లు పోసేవారు. మిరపకోతల రోజుల్లో నన్ను తోమే తీరిక ఎవరికుంది?

2006లో పెద్దమ్మాయి తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. పగలంతా నా పక్కనే చాప వేసుకుని కూర్చునేది. ఒంటిమీద తెల్లచారలుండే దోమ కుట్టేదీ పగలే. దానికి మురుగు అక్కర్లేదు, నాలోని తేటనీళ్లే కావాలి. నీటిగీతకు కాస్త పైన, తడిగోడకు గుడ్లు అతికిస్తుంది. గోడ ఎండినా అవి నెలల తరబడి చావవు. నీళ్లు తగిలితే పురుగులై, వారం పది రోజుల్లో రెక్కలతో లేస్తాయి. నా కడుపులో అదే జరిగింది.

ఆ ఏడు రాష్ట్రమంతా ఆ దోమ మోసే చికున్‌గున్యా. 1965లో విశాఖ, రాజమండ్రి, కాకినాడల్లో పాకిన జ్వరమే మళ్లీ వచ్చింది. నొప్పులొచ్చేనాటికి అమ్మాయి ఒళ్లు కాలిపోతోంది, కీళ్లు పట్టేసి అడుగు పడలేదు. బిడ్డ మాత్రం గట్టిగా ఏడుస్తూ పుట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాలుగో రోజు పాలు మానేసింది. ముట్టుకుంటే కెవ్వుమంది. ఒళ్లంతా దద్దు, తర్వాత ముక్కు నల్లబడింది. ఏ దోమా కుట్టని పసిగుడ్డుకు పుట్టేవేళ తల్లి రక్తంలోంచే వైరస్ అంటింది. అవే రోజుల్లో రీయూనియన్ దీవిలో, కాన్పువేళ రక్తంలో ఆ వైరస్ ఉన్న తల్లుల బిడ్డల్లో దాదాపు సగం మందికి సోకిందనీ, ఆపరేషన్ చేసి తీసినా ఆగలేదనీ వైద్యులు గుర్తించారు. డెంగీని, జికాను మోసేదీ ఆ దోమే. జికా సోకిన తల్లుల కడుపులో బిడ్డల తల ఎదగకపోవడం 2015లో బ్రెజిల్ చూసింది.

మూడు వారాలు గుంటూరు ఆసుపత్రిలో ఉండి మా బిడ్డ తేరుకుంది. నర్సమ్మ వచ్చి నా లోగోడ తడిమి, "నీళ్లు పారబోస్తే చాలదు పెద్దమ్మా, ఇక్కడ రుద్దాలి. మూత వెయ్యాలి" అంది. నా తప్పు అప్పుడే నాకు తెలిసింది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం అమ్మమ్మ కొబ్బరిపీచుతో నన్ను తోమేది. ఇప్పుడు ఆమె నడుం వంగదు. పీచు పట్టుకునేది ఆ బిడ్డే. అంచు కింద, నీటిగీత పైన, ముందుగా అక్కడే రుద్దుతుంది.